రంగు కలిసిన పన్ను

నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. నిజమే. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల మీద పింగాణీ తొడుగులు కట్టి, రంగులద్ది, కాల్చి పంపడం నా పని. జనం వాటిని క్యాప్‌లంటారు. ఇరవై ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను కాబట్టి, "తెల్లగా చేసి పంపండి మేడం, చాలు" అనే డాక్టరు దొరికితే నాకు ఒళ్ళు మండిపోతుంది. నిజం పన్ను తెల్లగా ఎక్కడుందండీ? చిగురు దగ్గర పసుపు, నడుమ మీగడ రంగు, అంచు దగ్గర అసలు రంగే లేకుండా అవతలి చీకటి కనిపిస్తుంది. పైగా నోరు తెరుచుకుని పది నిమిషాలు కూర్చుంటే పన్ను ఎండి తెల్లబడుతుంది. ఆ ఎండిన పన్ను చూసి రంగు రాసి పంపే మహానుభావులున్నారు. తీరా క్యాప్ పెట్టాక రంగు తేడా వస్తే తప్పు నాదంటారు. అలాంటివాళ్ళతో ఫోన్లో నేను మాట్లాడే తీరు చూసి, పక్క గదిలో అచ్చులు పోసే ముసలాయన చెవులు మూసుకుంటాడు.

నా ముందు పళ్ళ మీద, చిగురుకి ఆనుకుని, బూడిద రంగు చార ఒకటుంది. చిన్నప్పుడు జ్వరానికి వాడిన మందు వల్ల వచ్చింది. పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతున్న వయసులో ఆ మందు తాగితే, తాగిన రోజుల మేరకు పంట్లో గీత పడిపోతుంది. తోమితే పోదు. అప్పుడు నాకు ఐదేళ్ళు, మా చెల్లెలికి రెండేళ్ళు. ఒకే మంచం మీద పడి ఉన్నాం, ఒకే సీసాలో మందు తాగాం. అందుకని రంగు ఒకటే, చోటు వేరు. నాకు చిగురు పక్కన, దానికి పంటి నడుమ. బడిలో మమ్మల్ని పెద్ద తుప్పు, చిన్న తుప్పు అని పిలిచేవాళ్ళు. నేను పెదవులు బిగించుకోవడం నేర్చుకున్నాను. అది మాత్రం అలా పిలిచినవాళ్ళ ముందుకే వెళ్ళి ఇంకా పళ్ళికిలించేది.

రెండేళ్ళ క్రితం ఒక పెట్టె వచ్చింది. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊరి నుంచి ఒక డాక్టరు పంపాడు. ఆయన చీటీ మీద పేరు రాయడు. నంబరు వేస్తాడు, పక్కన ఆడో మగో, వయసు. ఆ చీటీలో స్త్రీ, ముప్ఫై మూడు అని ఉంది. కుడివైపు ముందు పళ్ళ పక్క పన్ను విరిగింది. ఫొటోలో ప్లాస్టిక్ పట్టీతో లాగి పట్టిన పెదవి, నాలుగు పళ్ళు, అంతే. ప్రతి పంటి నడుమా బూడిద చార.

నాకెంత సంబరమైందో చెప్పలేను. అలాంటి చారను పింగాణీలో తేవడం మామూలు విషయం కాదు. పైన గీస్తే బొమ్మ గీసినట్టుంటుంది. లోపలి పొరలోనే పెట్టి, పైన పలుచగా ఇంకో పొర కప్పి కాల్చాలి. ఫొటోల్లో ఆ రంగు సరిగా పడదు. కానీ నాకు ఫొటోతో ఏం పని? నమూనా నా నోట్లోనే ఉంది! అద్దం తెచ్చి బల్ల మీద పెట్టుకుని, పెదవి పైకెత్తి నా పన్ను చూసుకుంటూ, కుంచె ముంచుకుంటూ మూడు రోజులు కూర్చున్నాను. రెండుసార్లు చెడగొట్టి మూడోసారి సాధించాను. అది పెట్టాక డాక్టరు ఫోన్ చేశాడు. "ఏది నిజం పన్నో, ఏది మీ పన్నో నాకే తెలియట్లేదు మేడం" అన్నాడు. వారం రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ముసలాయనకి చెప్పాను, పక్కింటావిడకి చెప్పాను.

పోయిన నెల అదే డాక్టరు నుంచి ఇంకో పెట్టె వచ్చింది. ఈసారి ఎడమ ముందు పన్ను, సగానికి విరిగింది. ఫొటోలో పై వరసంతా ఉంది. ముందు నా కంటికి ఆనింది నా పన్నే. చేసినవాళ్ళకి తెలుస్తుంది, ఎంత బాగా కలిసినా. భలే నిలబడిందే అనుకుని మురిసిపోయాను. తర్వాత కదా బుర్ర పనిచేసింది, ఈ మనిషికి రెండేళ్ళలో రెండో పన్ను ఎందుకు విరిగిందని. ఫొటో దగ్గరికి తెచ్చుకుని చూశాను. పెదవి లోపల కుట్లు ఉన్నాయి. విరగని ముందు పన్ను కొంచెం పక్కకి తిరిగి ఉంది. చిన్నప్పుడు దాన్ని నేను వేలితో నెట్టి సరిచెయ్యబోతే చెల్లెలు నా వేలు కొరికింది.

కుంచె కింద పెట్టేశాను. చీటీ చూశాను. స్త్రీ, ముప్ఫై ఐదు.

మా చెల్లెలి మొగుణ్ణి మా ఇంట్లో అందరూ పెద్దమనిషి అంటారు. నేనూ అనేదాన్ని. ఇంటికొచ్చినప్పుడు చెప్పులు వరసగా విడుస్తాడు, గట్టిగా మాట్లాడడు. పదేళ్ళలో దాన్ని మా ఇంటికి మూడుసార్లు తీసుకొచ్చాడు. నెలకోసారి అది ఫోన్ చేస్తుంది. ఫోన్ స్పీకర్లోనే ఉంటుంది, పక్కనే ఆయన ఉంటాడు. "బాగున్నానక్కా" అంటుంది. "బాగుందండీ మీ చెల్లెలు, నన్నే రాచి రంపాన పెడుతోంది" అని ఆయన నవ్వుతాడు. మేమూ నవ్వేవాళ్ళం. మాట వినని పిల్లల్ని "పళ్ళు రాలగొడతా" అని బెదిరించడం నాకలవాటు. ఆ ఫొటో చూసిన తర్వాత ఆ మాట నా నోటికి రాలేదు.

ఫోన్ చేసి అడిగితే స్పీకర్లో ఆయన వింటాడు. ఊరెళ్దామంటే ఇల్లు మారామన్నారు, కొత్త అడ్రసు నా దగ్గర లేదు. ఎన్నిసార్లడిగినా "సర్దుకున్నాక చెబుతాం" అనేవాళ్ళు. అందుకని నాకు తెలిసిన దారిలోనే వెళ్ళాను. డాక్టరుకి ఫోన్ చేశాను.

"ఈ రంగు ఫొటో చూసి చెయ్యడం కుదరదు. మనిషిని పంపండి, కిటికీ వెలుగులో చూడాలి."

"పోయినసారి ఫొటోతోనే చేశారు కదా మేడం?"

"పోయినసారి పక్క పన్ను. ఇది ముందు పన్ను. పంపితే పన్ను వస్తుంది, పంపకపోతే రాదు."

ఆ మనిషి నా చెల్లెలని చెప్పలేదు. పరువనుకుంటాను. పెద్దమనిషి అన్న నోటితో బయటివాడికి ఆ మాట చెప్పాలంటే తల కొట్టేసినట్టనిపించింది.

మంగళవారం పొద్దున పదిన్నరకి ఇద్దరూ వచ్చారు. ఆయన నన్ను చూసి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగాడు. వెంటనే సర్దుకున్నాడు.

"వదిన గారూ! ఇది మీరు పనిచేసే చోటా? మీ చెల్లెలు చెప్పనే లేదు!" అన్నాడు.

"నాకేం తెలుసు, డాక్టరు అడ్రసిచ్చాడు, వచ్చాం" అంది చెల్లెలు. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

"బాత్రూంలో జారిపడింది వదిన గారూ. చూసి నడవమంటే వినదు కదా, మీకు తెలియనిదేముంది" అన్నాడు ఆయన.

"అవును, చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

రంగు చూసే గది చిన్నది. గోడలు బూడిద రంగు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని ముందు కుర్చీ. పక్కన రంగు ఏదైనా ఉంటే పంటి మీద పడుతుంది కాబట్టి వచ్చినవాళ్ళ ఒంటి మీద కూడా బూడిద గుడ్డ కప్పుతాం. ఆయన ఎర్ర చొక్కా వేసుకుని మా వెనకే లోపలికి రాబోయాడు.

"మరిది గారూ, మీరు బయట కూర్చోవాలి. మీ చొక్కా ఎరుపు పంటి మీద పడుతుంది" అన్నాను.

"అంత పట్టింపా?"

"పట్టింపు లేకపోతే పన్నంతా గులాబీ రంగులో వస్తుంది. మీకే నామోషీ."

నవ్వాడు. బయట కుర్చీ లాక్కుని, మా గది తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. "తలుపు వెయ్యకండి, దానికి గాలాడదు" అన్నాడు. ఫోన్లో ఏదో వీడియో పెట్టుకున్నాడు. దాని చప్పుడు మాకు కొంచెం అడ్డమైంది, అదొక్కటే అదృష్టం.

నేను ఆయనకి వీపు పెట్టి నిలబడి, చెల్లెలి మెడ చుట్టూ గుడ్డ కట్టాను. చెవి వెనక పచ్చబడిన మచ్చ ఉంది. షేడ్ గైడ్ తీశాను. వరసగా గుచ్చిన నమూనా పళ్ళు. ఒకటి తీసి దాని విరిగిన పంటి పక్కన పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను, గొంతు తగ్గించి.

"పని చెయ్యక్కా. చూస్తున్నాడు."

ఇంకో నమూనా పెట్టాను. "వెనక తలుపుంది. మెట్లు దిగితే సందు. సందు చివర ఆటోలుంటాయి. ఇప్పుడే వెళ్ళిపోదాం, నేనూ వస్తాను."

"పాప మా అత్త దగ్గరుంది."

దానికి ఎనిమిది నెలల కూతురు. పెళ్ళైన ఇన్నేళ్ళకి పుట్టింది.

"పాపను తర్వాత తెచ్చుకుందాం."

"ఎలా తెచ్చుకుంటాం? నేను సాయంత్రానికి ఇంటికి చేరకపోతే పాపను మళ్ళీ కళ్ళతో చూడనివ్వరు. అందుకే వదిలి రమ్మన్నాడు. లేకపోతే నన్నింత దూరం తీసుకొస్తాడా?" నమూనా పన్ను అడ్డం ఉండటంతో దాని మాట సరిగా పలకడం లేదు. అయినా ప్రతి ముక్కా నాకు అర్థమైంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. దాని మీద. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ ఆ క్షణంలో దాని మీదే వచ్చింది. "మరి మొదటి పన్ను విరిగినప్పుడు ఏం చేశావే? అప్పుడు పాప లేదు కదా. ఒక్క మాట చెప్పి ఉంటే రెక్కలు కట్టుకుని వచ్చేదాన్ని కదా!"

అది నా కళ్ళలోకి చూసింది. "చెప్పాను కదక్కా" అంది.

"ఎప్పుడు?"

"పన్ను పంపించాను కదా."

నా చెయ్యి దాని నోటి దగ్గరే ఆగిపోయింది.

"డాక్టరు బల్ల మీద మీ ల్యాబ్ పెట్టె చూశాను. నువ్వు చెప్పిన పేరే దాని మీద ఉంది. ఈయన పన్ను పీకించెయ్యమన్నాడు. నేను ఏడ్చి గోల చేసి క్యాప్ వేయించమన్నాను. నా పన్ను నీ చేతికొస్తే నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. బట్టలు ఒక సంచిలో సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను. పది రోజులు వీధి తలుపు చప్పుడైతే చాలు, నువ్వేనేమో అని లేచేదాన్ని." మింగడానికి ఆగింది. "తర్వాత పన్ను వచ్చింది. ఎంత బాగా చేశావో. డాక్టరు అద్దం పట్టుకుని చూడమంటాడు, నాకేమో ఏడుపాగలేదు. ఫోన్లో కూడా అడిగాను, కొత్త పళ్ళేమైనా చేశావా అక్కా అని. ఎవరిదో మన లాంటి పన్నే వచ్చింది, నా పన్ను చూసుకుంటూ చేశానని చెప్పావు. ఎంత సంతోషంగా చెప్పావో."

గుర్తుంది. చెప్పాను. స్పీకర్లో పెద్దమనిషి కూడా విని "మా వదిన గారి చేతిలో మంత్రముంది" అన్నాడు.

మా పనిలో పన్ను వైపు ఐదు క్షణాల కంటే ఎక్కువ చూడకూడదు. కన్ను అలవాటు పడి రంగు తేడా తెలియకుండా పోతుంది. చూపు తిప్పి బూడిద గోడ చూడాలి, మళ్ళీ పన్ను చూడాలి. నేను గోడ వైపు తిరిగాను. కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేదు, వెనక ఆయనున్నాడు. ఇన్నేళ్ళుగా నేను నోళ్ళలోకి చూస్తున్నానే తప్ప మనుషుల్ని చూడలేదు. సొంత చెల్లెలి పన్ను మూడు రోజులు చేత్తో పట్టుకుని రంగు బాగుందనుకున్నాను.

"అయిందా వదిన గారూ?" బయట నుంచి ఆయన.

"అయిపోవచ్చింది." చీటీ మీద రంగు రాశాను. చేతికి అలవాటైన పని కాబట్టి రాసింది. చిగురు దగ్గర ఇది, నడుమ ఇది, చార ఇది, అంచు ఇది. గుడ్డ విప్పుతూ దాని చెవిలో అన్నాను. "ఇంకోసారి రప్పిస్తాను. పాపతో రప్పిస్తాను. ఈసారి తప్పు చెయ్యను."

అది గుడ్డ మడత పెట్టి నా చేతికిచ్చింది.

బయటికొచ్చి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరినీ బతిమాలని నేను, ఆయన్ని బతిమాలాను. నవ్వుతూ. టీ తెప్పించాను. "మరిది గారూ, వచ్చే గురువారం ఒక్కసారి తీసుకురావాలి. పన్ను పెట్టి చూసి, ఇక్కడే రంగు సరిచేసి ఇస్తాను. రోజంతా పడుతుంది. పాలు తాగే పిల్ల కదా, పాపను కూడా తీసుకురండి. నేను మేనకోడల్ని చూసినట్టూ ఉంటుంది" అన్నాను. కూతురి వరసయ్యే పిల్లని మేనకోడలనేశాను. అంత తడబడ్డాను. ఆయన కప్పులోంచి తలెత్తి నన్ను చూశాడు, దాన్ని చూశాడు. "మీరు ఇంతగా చెబితే కాదంటానా" అన్నాడు. చెప్పులు వేసుకుని, దానికి దారి చూపిస్తున్నట్టు మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

గురువారానికి అన్నీ సిద్ధం చేశాను. నా దగ్గర పన్ను చేయించుకున్న వకీలావిడ ఒకరున్నారు. ఆవిడకి మొత్తం చెబితే "తల్లీ పిల్లా మీ గడప దాటి లోపలికొస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. ముసలాయన వెనక మెట్ల మీద పాత పెట్టెలన్నీ తీసేశాడు. ఎందుకని అడగలేదు. పన్ను కూడా చేశాను. ఆయన అనుమానంగా చూస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

బుధవారం పొద్దున డాక్టరు ఫోన్ చేశాడు.

"మేడం, ఆ ముందు పన్ను కేసు ఆపెయ్యండి. మారింది. ఆ పన్ను వేరు చీలిపోయింది, దాని పక్కది కూడా పోయింది. రెండూ తీసేశాను. గాయం ఆరాక, అటూ ఇటూ పళ్ళు కలుపుకుని నాలుగు పళ్ళ బ్రిడ్జి కావాలి. ఈలోపు తాత్కాలికంగా పెట్టుకోవడానికి రెండు పళ్ళు చేసి పంపండి."

"ఏమైంది?"

"బస్సు దిగుతూ పడిపోయిందట. మీ దగ్గర్నుంచి వెళ్ళిన రోజే. నేను ఊళ్ళో లేను, నిన్న సాయంత్రమే తీసుకొచ్చారు. అన్ని రోజులు అలాగే ఉంది పాపం."

ఎనిమిది రోజులు. నేను వకీలుతో మాట్లాడుతూ, మెట్లు ఖాళీ చేయిస్తూ, పంటికి మెరుపు పెడుతూ కూర్చున్న ఎనిమిది రోజులు.

"రేపు గురువారం. వాళ్ళు ఇక్కడికి రావాలి" అన్నాను.

"రేపు రానక్కర్లేదు మేడం. రంగు మీరు చూసి రాసుకున్నారు కదా. వాళ్ళాయన అదే అడిగాడు, మళ్ళీ అంత దూరం వెళ్ళాలా అని. రంగు వాళ్ళ దగ్గరుంది, ఇక ఎన్ని పళ్ళైనా చూడకుండానే చేసిస్తారు అన్నాను. సంతోషించాడు."

చీటీ నా ఎదురుగానే ఉంది. నా చేతిరాతే.

"ఆవిడ ఏమైనా అందా?"

"నోరు వాచి ఉంది కదండీ, మాట రావట్లేదు."

"ఆవిడ పడలేదు డాక్టరు గారూ. రెండేళ్ళ కిందా పడలేదు."

"నాకూ అనుమానం లేకపోలేదు మేడం" అన్నాడు. "కానీ వాళ్ళ ఇంటి విషయాలు, మనకెందుకు చెప్పండి. మనం పళ్ళవరకే కదా."

ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు రాలేదు. ఆయన అన్న మాటే ఇన్నేళ్ళూ నా మాట.

"అది మా చెల్లెలు" అన్నాను. "సొంత చెల్లెలు. ఇల్లెక్కడో నాకు తెలియదు. మీ రిజిస్టర్లో ఉంటుంది, చదవండి."

ఆయన ఏదో నసిగాడు. నేను కోప్పడలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే ఉన్నాను. చివరికి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఇంటి నంబరు చదివాడు, వీధి చదివాడు. నేను రాసుకుని, మొదటి నుంచి మళ్ళీ చదవమన్నాను.